కమల చేతి వడ్డీ

జూన్ 3, మంగళవారం

తీర్పు వచ్చింది. వక్కీలమ్మ ఫోను. నా కూతురు కమల స్పీకరు పెట్టింది. నేను బియ్యం చెరుగుతూ విన్నాను. ఈ తమిళ ఊళ్ళో అందరికీ నేను పాట్టిని, అంటే అవ్వను.

"కేసు మనదే పాట్టి. చేతికి నష్టపరిహారం ఇన్సూరెన్సు వాళ్ళు కడతారు. దాని మీద నూటికి పన్నెండు వడ్డీ వేసినారు. చెయ్యి పోయి నెల దాటిన రోజు నుంచి వడ్డీ. తీర్పు రోజు నుంచి చాలని మిల్లు వక్కీలు ఎంతో కొట్లాడినాడు, ఆఫీసులో ఒప్పుకోలేదు."

"వడ్డీ కూడా ఇన్సూరెన్సేనా?" కమల అడిగింది.

"పాలసీలో వడ్డీ లేదు. అది మిల్లు ఓనరు తన చేతి నుంచి కట్టాల."

కమల నవ్వింది. గట్టిగా. మార్గళి నెలలో సగ్గుబియ్యం మిల్లులో దాని కుడి చెయ్యి పోయి నాలుగున్నర ఏళ్ళు. ఆ నవ్వు ఈ ఇంట్లో అప్పటి నుంచి వినలేదు.

నా చేతిలో చేట ఒరిగింది. బియ్యం నేల మీద.

"ఏమైందిమా?"

"ఏం లేదు. సంతోషం."

సంతోషం కాదు. ఆ వడ్డీ మేము ముట్టకూడదు. ముట్టమని దేవుడి ముందు నేను సత్యం చేశాను. కమలకు తెలియదు.

జూన్ 4, బుధవారం

చెప్పలేదు. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ గ్యాస్ ఆపావా అని అడిగాను.

జూన్ 6, శుక్రవారం

కమల పీట మీద, నేను మంచం మీద. ఎడమ చేత్తో దువ్వుకోగలదు, జడ అల్లుకోలేదు. రోజుకు ఈ పది నిమిషాలే అది నా దగ్గర కూర్చునేది. మాట ఉండదు, టీవీ ఉంటుంది. ఇవాళ టీవీ పెట్టలేదు.

"మా, అసలు డబ్బు బ్యాంకులో వేసేస్తాను. వడ్డీతో గ్రైండరు కొంటాను, గిన్నె వంచి పిండి తీసేది. దోసె పిండి రుబ్బి అమ్మేది. ఒక చెయ్యి చాలంట, కొట్టులో అడిగినాను."

"మళ్ళీ మిషనా?"

"పిండి రుబ్బే రాయికి కూడా భయపడితే ఎట్లమా."

"కొనేది అసలుతోనే కొను. వడ్డీ ఎందుకు…"

దాని మెడ బిగిసింది. "అసలు చేతికి ఇచ్చింది. వడ్డీ నేను కాచుకున్నదానికి. నాలుగేళ్ళు ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నానే, దానికి. చెయ్యికి వెల కట్టినారు, సరే. కాచుకున్నదానికి కూడా వెల ఉండాదని ఒకరు చెప్పినారు కదా. అది నాది."

ఇంత పెద్ద మాట అది నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అల్లిన జడ మళ్ళీ విప్పి అల్లాను. కొంచెంసేపు కూర్చుంటుందని.

జూన్ 9, సోమవారం

ఇక్కడైనా రాయాలి. 

కమలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నేనూ బడికి పోయింది మూడో తరగతి దాకా, అదీ తమిళమే. ఈ అక్షరాలు మా నాయన కొట్టు గల్లా పక్కన కూర్చోబెట్టి నేర్పించినవి. పుస్తకం తెరిచి పెట్టినా ఈ వీధిలో చదివేవాళ్ళు లేరు.

రెండేళ్ళ క్రితం. ఆడి నెల. మిల్లు ఓనరు నాగరాజు లేబర్ ఆఫీసుకు వచ్చి సాక్ష్యం చెప్పాల్సిన వారం. కమల పేరు మిల్లు హాజరు పుస్తకంలో లేదు. ఆ మిల్లులో ఎప్పుడూ అంతే. పది మంది ఆడవాళ్ళకు గుంపు పెద్ద పేరు ఒక్కటే రాస్తారు, కూలి ఆమె చేతిలో పెడతారు, ఆమె పంచుతుంది. కర్రపెండలం తురిమే మిషను కమల చెయ్యిని మణికట్టు దాకా లాక్కున్నా సరే, పుస్తకం ప్రకారం కమల అక్కడ లేదు. నాగరాజు 'ఈమె నా పనిమనిషి కాదు' అంటే అక్కడితో కేసు సరి.

అప్పుడు రుక్మిణి వదిన వచ్చింది. నాగరాజు తల్లి. చుట్టరికం లేదు, వరస పెట్టి పిలుచుకోవడమే. మనవాళ్ళు, ఇంట్లో మన మాట మాట్లాడేవాళ్ళు, అంతే. ఆపిల్ పళ్ళు తెచ్చింది.

"జయా, నా కొడుకు చేత నిజం చెప్పిస్తాను. నా మాట కాదనడు. కానీ వడ్డీ వాని నెత్తిన పడతాదంట. మిల్లు ఇప్పటికే తాకట్టులో ఉండాది. అసలు ఇన్సూరెన్సు ఇస్తాది, అది తీసుకోండి. వడ్డీ ముట్టమని సత్యం చెయ్యి."

"కమలను అడగాల వదినా."

"అది కోపంలో ఉండే పిల్ల, ఒప్పుకోదు. తల్లివి నువ్వు చేస్తే చాలదా? బిడ్డలకు తెలిసే పనే లేదు. నేనూ నా వానికి చెప్పను."

కడత్తూరు పెరుమాళ్ గుడికి పోయాము. తమలపాకు మీద కర్పూరం ముట్టించింది. నేను అరచేత్తో కొట్టి ఆర్పాను. "వడ్డీ అని వచ్చే డబ్బు నేను గానీ నా కూతురు కమల గానీ ముట్టము. ముడితే…"

ముడితే ఏమవుతుందో కూడా చెప్పాను. అది ఇక్కడ రాయను.

ఆ వారం నాగరాజు వచ్చి నిజం చెప్పాడు. ఆమె మాట ఆమె నిలబెట్టుకుంది.

జూన్ 12, గురువారం

కమలకు ఒళ్ళు వెచ్చగా ఉంది.

వడ్డీ ఇంకా రానే లేదు. ఆశపడితే ముట్టుకున్నట్టేనా?

జూన్ 13, శుక్రవారం

జ్వరం దిగింది. పక్కింటి సెల్వి నవ్వింది. "వానలో తడిసి వస్తే జ్వరం రాక ఇంకేం వస్తుంది పాట్టి? మీకు ఎప్పుడూ ఏదో ఒక కవల, ఏదో ఒక దిగులు. పోయిన వారం సిలిండరు, ఈ వారం జ్వరం."

నిజమే. సిలిండరు వాసన వస్తోందని మూడుసార్లు దాని మొగుణ్ణి పిలిచాను. వాసన లేదు. నాకు కవల పడకుండా కూర్చోవడం రాదు. అందుకే ఇప్పుడు నిజంగా ఒకటి ఉన్నా ఎవరికీ నా మొహంలో తేడా కనిపించడం లేదు.

జూన్ 16, సోమవారం

లేబర్ ఆఫీసు. ఇన్సూరెన్సు వాళ్ళు అసలు కట్టేశారు, ఇవాళ సంతకాలు. మూడు గంటలు బల్ల మీద. దాహం వేసినా నీళ్ళు తాగలేదు, బాత్రూము ఎక్కడుందో అడగాలి కదా అని.

గుమాస్తా తల ఎత్తకుండా కాయితం జరిపాడు. "సంతకం పెట్టి పక్కన వేలిముద్ర వెయ్యమ్మా. ఆడవాళ్ళకు కుడి బొటనవేలు."

కమల కదల్లేదు. "అది లేదనే కదా సార్ ఈ కాయితం."

అప్పుడు చూశాడు. ఎడమ వేలు వేయించుకున్నాడు. కుడి వేలు ఎందుకు వేయలేదో పక్కన రాయాలన్నాడు. కమల చెప్పింది, ఆయన రాశాడు. మనిషి మంచివాడే, చెవులు ఎర్రబడ్డాయి.

వరండాలో నాగరాజు. చిక్కిపోయాడు. కమల లోపల ఉండగా నా దగ్గరికి వచ్చాడు.

"అత్తా, బాగుండావా? వడ్డీకి రెండు వారాలు గడువు అడిగినాను. నెలాఖరు సోమవారం ఇక్కడే తెచ్చి కడతాను."

"కట్టేస్తావా?" నా నోట అదే వచ్చింది.

"కట్టక? ఆర్డరు అయిపోయిందే. కట్టకపోతే మిల్లు జప్తికి వస్తారు."

"మీ అమ్మ ఏమంటుంది?"

"అమ్మకు ఏమీ జ్ఞాపకం లేదత్తా. ఆరు నెలలుగా నన్నే ఎవురప్పా నువ్వు అంటాది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అమ్మ చెప్పింది కాబట్టే ఆ పొద్దు నిజం చెప్పినాను. మా వక్కీలు ఇంకో మాదిరి చెప్పమన్నాడు."

కమల బయటికి రాగానే తల వంచుకొని పోయాడు.

"ఏమంట?"

"కడతాడంట."

"కట్టనీ."

జూన్ 18, బుధవారం

వదినను చూడాలి. సత్యం చేయించుకున్న మనిషే విడిచిపెడితే అది తీరిపోతుంది. మా అమ్మమ్మ ఒకసారి అలా విడిపించుకోవడం చూశాను. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, 'నీ మాట నీకు ఇచ్చేసినాను' అని చేతి మీదుగా నీళ్ళు వదిలితే సరి.

శుక్రవారం కడత్తూరు సంతకు పోతున్నానని చెప్పాను.

"ఈ మోకాళ్ళతో సంతేమిమా?"

"చింతపండు చవక."

"ఇక్కడ లేదా చింతపండు?"

ఒక అబద్ధం కోసం ఎన్ని చెప్పాలో.

జూన్ 20, శుక్రవారం

రెండు బస్సులు మారాను. పర్సు ఉందా లేదా అని దారంతా రొమ్ము తడుముకుంటూనే ఉన్నాను.

నాగరాజు పెళ్ళాం తలుపు తీసి మొహం ముడుచుకుంది. "నెలాఖరుకు కడతామని చెప్పినాడు కదా. అంతలోపల ఇంటికి వచ్చేదేమి?"

"డబ్బుకు కాదమ్మా. వదినను చూసి పోదామని."

వదిన ఊయల బల్ల మీద. మనిషి సగం అయింది. కొంగు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, చుట్టుకుంటుంది.

"ఎవురే నువ్వు? పెళ్ళికి వచ్చినావా? అన్నం తిన్నావా?"

"జయను వదినా. సోగత్తూరు జయ."

"తిన్నావా అంటే పేరు చెప్తావేమే."

కోడలు కాఫీ పెట్టి లోపలికి పోయింది. నేను దగ్గరికి జరిగి చెవిలో చెప్పాను. "వదినా, ఆ కర్పూరం… పెరుమాళ్ ముందర ఆర్పినానే. ఆ మాట నాకు విడిచిపెట్టు. కమల ఆశపడతా ఉండాది."

"కర్పూరం అయిపోయిందా? ఓ అమ్మాయీ! కర్పూరం లేదంట! కొట్టుకు ఎవురినైనా పంపియ్యి!"

"ఉండాదత్తమ్మా, ఉండాది!" లోపలి నుంచి కోడలు.

చెంబుతో నీళ్ళు తీసుకొని ఆమె చెయ్యి పట్టుకొని వంచబోయాను. చటుక్కున గుంజుకుంది. "చన్నీళ్ళు పోస్తావా! జలుబు చేస్తాది!"

సిగ్గేసింది. మతి లేని మనిషి చేతిని దొంగలాగా పట్టుకున్నాను. లేవబోతే ఈసారి ఆమె నా కొంగు పట్టుకుంది. కళ్ళు సూటిగా.

"నా కొడుకు నిజం చెప్పినాడా?"

"చెప్పినాడు వదినా."

"అయితే సరి. పో."

మళ్ళీ కొంగు వేలికి చుట్టుకోవడం.

తిరిగి వచ్చే బస్సులో అంతా అదే. 'అయితే సరి'… విడిచిపెట్టిందా? లేక 'అన్నం తిన్నావా' అన్నట్టు నోటికి వచ్చిన మాటా? చింతపండు కొనడం మరిచిపోయాను. బస్టాండులో కొన్నాను, ఎక్కువ ధరకు.

జూన్ 21, శనివారం

ఆ సత్యం తెలిసినవాళ్ళం ఇద్దరం. ఇప్పుడు నేనొక్కదాన్ని. చెప్పకపోతే ఇంకెవరికీ తెలియదు.

అట్లా దాచిపెట్టి ఆ డబ్బు ముట్టడానికి ధైర్యం రావాలి కదా. రాలేదు. కమల నాయన పోయిన రోజు కూడా ఇంత ఒంటరిగా లేను. అప్పుడు ఏడవడానికి నలుగురు పక్కన కూర్చున్నారు.

జూన్ 23, సోమవారం

గుడిలో పూజారిని అడిగాను. నా సంగతి అని కాదు. "ఎవరో ఒకావిడ స్వామీ, కూతురి పేరు పెట్టి సత్యం చేసిందంట. ఆ దోషం కూతురికి తగులుతుందా?"

ఆయన తులసి తుంచుతూనే ఉన్నాడు. "కూతురు సరే అన్నదా?"

"కూతురికి తెలియదు."

"తెలియనిదానికి దోషమేమి? చేసినావిడదే అంతా." తర్వాత నా వైపు చూశాడు. "ముందు ఆ పిల్లకు చెప్పమనండి. తర్వాత పెరుమాళ్ దగ్గరికి రావచ్చు."

తీర్థం ఇచ్చేటప్పుడు కాస్త ఎక్కువే పోశాడు. కనిపెట్టేశాడేమో.

జూన్ 25, బుధవారం

కమల గ్రైండరు కాయితాలు తెచ్చింది, రంగురంగులవి. రెండు లీటర్లదా మూడు లీటర్లదా అని సెల్విని అడిగింది. సెల్వితో నవ్వింది. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు.

ఇంకోటి రాయాలి, ఎవరూ చదవరు కాబట్టి. అది పొద్దున్నే లేచి పిండి రుబ్బి, వచ్చేపోయే వాళ్ళతో మాట్లాడుతూ ఉంటే… ఈ ఇంట్లో నాతో దానికి పనేముంటుంది? సత్యానికి భయపడుతున్నానా, దీనికా? రెండూ ఒకచోటే నొప్పి పెడుతున్నాయి. విడదీయలేను.

జూన్ 27, శుక్రవారం

చెప్పేశాను.

అన్నం ముందర చెప్పకూడదు. తెలుసు. "కూరలో ఉప్పు ఎక్కువైందిమా" అంది, అంతే, నోట్లోంచి వచ్చేసింది. కర్పూరం, వదిన, నాగరాజు సాక్ష్యం, అన్నీ. కడత్తూరుకు చింతపండుకు పోలేదని కూడా.

దాని చెయ్యి కంచంలో అట్లే ఉంది.

"అంటే ఆ మనిషి తనంతట నిజం చెప్పలేదు."

"వాళ్ళమ్మ చెప్పమనింది."

"దానికి నువ్వు నా వడ్డీ ఇచ్చేసినావు."

"నీ కేసు కోసమే కదే. వాడు లేదంటే అసలు కూడా వచ్చేది కాదు…"

"నన్ను ఒక మాట అడిగింటే?"

"నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

"ఒప్పుకునేదాన్నేమో. అడగలేదు కదా నువ్వు." కంచం జరిపింది. "చెయ్యి మిషను తీసుకుంది, సరే. నా మాట కూడా నువ్వే ఇచ్చేసినావా?"

లేచి ఎడమ చెయ్యి కడుక్కుంది. ఒక చెయ్యి కడుక్కోవడానికి ఎంత సేపు పడుతుందో, ఆ సేపంతా నేను దాని వీపు చూస్తూ నిలబడ్డాను. కొళాయి కింద ఆ వేళ్ళు వాటికవే రుద్దుకున్నాయి.

జూన్ 28, శనివారం

జడకు రాలేదు. జుట్టు ముడి చుట్టి, క్లిప్పు పళ్ళతో తెరిచి పెట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచి వచ్చో అది దానికి. దువ్వెన పట్టుకొని మంచం మీద కూర్చున్నాను. కొంచెంసేపయ్యాక అలమరలో పెట్టేశాను.



జూన్ 29, ఆదివారం

సాయంత్రం వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దు ఏమన్నావు? ఆ మాటలే చెప్పు. మార్చకుండా."

చెప్పాను.

"నా పేరు చెప్పినావా, కూతురు అన్నావా?"

"నా కూతురు కమల అన్నాను."

"ముడితే ఏమవుతాదన్నావు?"

చెప్పలేనన్నాను. ఊరుకోలేదు. ఈ పుస్తకంలో కూడా రాయనిది, దాని మొహం చూసి చెప్పాల్సి వచ్చింది. దాని రెండో చెయ్యి కూడా పోతుందన్నాను. ఆ పొద్దు ఇంకేమీ తోచలేదు. ఉన్నదాంట్లో పెద్దది అదే కదా. సత్యానికి పెద్దదే పెట్టాలి.

కమల తన ఎడమ చెయ్యిని చూసుకుంది. ముందు వైపు, వెనక వైపు. కోపం లేదు మొహంలో. కోపం ఉన్నా బాగుండేది.

"నీది పెట్టచ్చు కదమా. నీకు రెండు ఉండాయే."

జూన్ 30, సోమవారం

తొమ్మిదికి బయలుదేరింది. నీలం చీర. కాయితాల సంచి. నేను చెప్పులు వేసుకుంటుంటే, "నువ్వు రావద్దు" అంది. వడ్డీ తీసుకుంటావా అని అడగలేదు. అడిగే హక్కు ఎక్కడుంది. "నీళ్ళ బాటిలు పెట్టుకున్నావా?" అన్నాను. పెట్టుకుంది.

టౌను బస్సు ఎక్కడం వీధి చివర నుంచి చూశాను. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని ఎక్కింది. సంచి భుజానికి. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇక్కడి నుంచి ఆఫీసుకు ఇరవై నిమిషాలు.

పదకొండున్నరకు వక్కీలమ్మ ఫోను. సెల్వి స్పీకరు పెట్టి ఇచ్చింది.

"పాట్టి, కమల ఇంకా రాలేదే! నాగరాజు పొద్దున నుంచి డబ్బు పెట్టుకొని కూర్చున్నాడు. ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఎక్కడుంది?"

"తొమ్మిదికే బస్సు ఎక్కిందమ్మా."

"ఇంట్లో ఏమన్నా గొడవా? నిన్న రాత్రి నాకు ఫోను చేసి, వడ్డీ వద్దంటే ఏం చేయాలని అడిగింది. తీసుకోవాలన్నా వద్దని రాసి ఇవ్వాలన్నా తనే వచ్చి సంతకం పెట్టాలని చెప్పినాను. పాట్టి, ఆయనకు ఏదో ఒకటి చెప్పాలి. కమల వడ్డీ తీసుకుంటుందా, తీసుకోదా? మీరు తల్లి కదా, చెప్పండి."

సెల్వి నా మొహం చూస్తోంది. తీసుకుంటుంది అని నాలుక చివరకు వచ్చింది. వద్దు అని కూడా వచ్చింది. రెండూ ఎంత తేలికగా వచ్చాయో.

"నాకు తెలియదమ్మా. దాన్నే అడగండి."

"అయ్యో పాట్టి, తను ఫోను ఎత్తితే కదా…"

"ఎత్తేదాకా కాచుకోండి."

సెల్వి ఫోను పెట్టేసి, "ఇదేమి పాట్టి, ఇట్లా చెప్పేశారు" అంది. దాన్ని పంపించేసి గడప మీద కూర్చొని రాస్తున్నాను. బస్సు కింద పడిందా, గుడికి పోయిందా, ఆఫీసు మెట్ల కిందే నిలబడి ఎక్కకుండా ఉందా… ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి.

పన్నెండుంబావు. ఒంటిగంటకు ఆఫీసు అన్నానికి మూస్తారు. మళ్ళీ రెండుకు తెరుస్తారో, రెండున్నరకో, సంతకాలకు పోయిన రోజు సరిగా చూసుకోలేదు.